ఉప్పు అరలో మిగిలిన సంచి

1967 నవంబర్ 23, గురువారం. నిజామాబాద్, మా గోదాం. ఉన్నవారు: సేటు, గోదాం చూసుకునే ఆయన, హమాలీల మేస్త్రి, ఆయన వెనక మిగతా హమాలీలు, బోధన్ లైనుకు పోయే సేల్స్‌మన్, నేను. అందరం కాటా పక్కన ఉన్నాం. ఎవరూ కూర్చోలేదు.

ఆ రోజు డైరీలో పేజీ ఇలా మొదలవుతుంది. మామూలుగా నేను సరుకు, వాన, ఆరోగ్యం, వచ్చినవాళ్లు, పోయినవాళ్లు తప్ప ఎక్కువ రాయను. ఎవరూ కూర్చోలేదని రాసుకున్నానంటే ఆ నిలబడటం నాకు ఎంత బరువుగా అనిపించిందో మీరే ఊహించుకోండి. ఈ రోజుల్లో గోదాంలో ఏముందో తెర మీద చూసి చెప్పే పిల్లలు నన్ను అడుగుతుంటారు, అప్పట్లో మీకు ఎట్లా తెలిసేదని. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మాకు రేకు బిళ్ళలు ఉండేవి. అవి చాలా బాగా పనిచేశాయి, ఒక్క దసరా నుంచి ఆ గురువారం దాకా తప్ప.

అంతకు ముందు నేను ఒక చక్కెర ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తాను. అక్కడ బోల్టుకు, బేరింగుకు, గోనె పట్టాకు కూడా ఒక కార్డు ఉండేది. సేటుది నిజామాబాద్‌లో టోకు వ్యాపారం. ఉప్పు, పప్పు, బెల్లం, చాయ్‌పత్తి, సబ్బులు, అగ్గిపెట్టెలు తెప్పించి బోధన్ వైపు, నందిపేట్ వైపు, డిచ్‌పల్లి, ఇందల్వాయి వైపు చిన్న దుకాణాలకు వేసేవాడు. ఏదో పని మీద ఫ్యాక్టరీకి వచ్చి మా స్టోర్స్ చూసి వెళ్లాడు. తర్వాత కబురు పెట్టి పిలిపించాడు.

"మీ తాన మేకు పోయినా తెలుస్తదట," అన్నాడు. "నా గోదాంల ఏనుగు పోయినా తెలుస్తలేదు. వస్తవా?"

వెళ్లాను. దుకాణం గంజ్ బజారులో, గోదాం ఊరి చివర. ఈ రెంటికీ మధ్య దూరమే అసలు జబ్బు. సేటు తండ్రి హయాంలో సరుకు తక్కువ, అంతా ఆయన తలలోనే ఉండేది. వ్యాపారం పెరిగాక తలలో పట్టలేదు. ఒకటి కుప్పలుగా పడి ఉండేది, ఇంకోటి అడిగితే ఉండేది కాదు.

గోదాం చూసుకునే ఆయనను అందరూ గోదామన్న అనేవాళ్లు. మెథడిస్టు క్రైస్తవ కుటుంబం. గోదాం ఆవరణలోనే వెనకవైపు రెండు గదుల్లో భార్యతో, తల్లితో ఉండేవాడు. ఆదివారం ఆయన చర్చికి పోతాడని గోదాం తెరిచేవాళ్లు కాదు. హమాలీలు దాన్ని కూడా ఆయన ఖాతాలోనే వేసేవాళ్లు. "అన్న పుణ్యాన మాకూ నడుం వాల్చే రోజున్నది," అని నవ్వేవాళ్లు. ఏ సరుకు ఎంత ఉందో ఆయన కంటితో చూసి దుకాణానికి చెప్పి పంపేవాడు. నేను చేరడానికి ముందటి వానాకాలంలో బెల్లం తక్కువైందని ఒకసారి దుకాణంలో గుమాస్తాతో చెప్పాడట, మరునాడు సేటు తమ్ముడితో చెప్పాడట. ఇద్దరూ తెప్పించారు. రెండు లారీల బెల్లం వచ్చి పడింది, ముసురుకు సగం కరిగి నేల మీదికి కారింది. సేటు అందరి ముందే అన్నాడట, "ఇంకోపారి గిట్లయితే ఆ రెండర్రలు ఖాళీ చేసి పోవుడే." గోదామన్న ఆ మాటను మరిచిపోలేదు. నాతో మొదటి రోజు చెప్పింది కూడా అదే, "సారూ, నా నెత్తి మీద కత్తి ఏలాడుతుంది, సూసి పని చెప్పు."

ఆయనను అర్థం చేసుకున్నాకే నేను పద్ధతి తయారుచేశాను. హమాలీల్లో చదువు వచ్చినవాళ్లు లేరు. కార్డులు పెడితే నడవదు. ఆర్డరు పంపిన నాటి నుంచి సరుకు వచ్చేదాకా మా దగ్గర ఎంత అమ్ముడవుతుందో ప్రతి సరుకుకూ లెక్క వేశాను. అంత సరుకు కింద మిగిలినప్పుడు కొత్త ఆర్డరు పోవాలి. ఆ ఎత్తులో ఉన్న పెట్టెకు ఎర్రరంగు వేసిన రేకు బిళ్ళను చిన్న మేకుతో కొట్టాను. ఒక్కో బిళ్ళ మీద ఆ సరుకు బొమ్మ. సబ్బుకు సబ్బు, అగ్గిపెట్టెకు అగ్గిపుల్ల. హమాలీ పై నుంచి తీసుకుంటూ వస్తాడు. బిళ్ళ ఉన్న పెట్టె చేతికి రాగానే బిళ్ళను ఊడదీసి గోదామన్నకు ఇస్తాడు. ఆయన దుకాణానికి పంపుతాడు. దుకాణంలో సేటు వెనక పలకకు మేకులు కొట్టించాను. మేకుకు బిళ్ళ పడిందంటే ఆర్డరు పోవాలి. సరుకు వచ్చాక బిళ్ళ తిరిగి గోదాంకు పోవాలి. అంతే. రాత లేదు, కేక లేదు, ఇద్దరికి చెప్పడం లేదు.

సబ్బులకు, అగ్గిపెట్టెలకు మొదలుపెట్టాం. వానాకాలమంతా ఒక్క తప్పు కూడా రాలేదు. సేటు ఆనందం చెప్పలేను. దుకాణానికి ఎవరొచ్చినా ముందు చాయ్ చెప్పి, తర్వాత మేకుల పలక చూపించేవాడు. ఆ ఉత్సాహంలో ఒక హుకుం కూడా వేశాడు. బిళ్ళ వస్తేనే ఆర్డరు, నోటిమాటకు ఆర్డరు లేదు. నాకూ అది నచ్చింది. గోదామన్న మాత్రం, "మంచిదే సేటు, ఇగ నా నోటికి సెలవు," అన్నాడు. అందులో కొంచెం పుల్లదనం ఉందని సేటుకు అనిపించింది. ఆ అనుమానం మనసులో పెట్టుకున్నాడు.

దసరాకు ముందు రోజు సంచుల సరుకుకు కూడా బిళ్ళలు కట్టాను. ఉప్పు, శనగపప్పు, జొన్నలు, బెల్లం. గోదాంలో ఒక్కో సరుకుకు సగం ఎత్తు గోడలతో విడిగా ఒక్కో అర ఉండేది. సంచులకు కట్టాలంటే గట్టి దారం కావాలి. బజారులో ఎర్రదారం గట్టిగా కనబడితే అదే తెచ్చి, ఒక్కో అరలో లెక్క ప్రకారం ఒక్కో సంచికి బిళ్ళ కట్టి, హమాలీలు అప్పటికే వెళ్లిపోయారు కనుక గోదామన్నకు మాత్రం చెప్పి, ఇంటికెళ్లి సుఖంగా నిద్రపోయాను.

కార్తీకంలో చెరకు సీజన్ మొదలైంది. మీలో బోధన్ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. చెరకు కొట్టేవాళ్లు మరాఠీ వైపు నుంచి సంసారాలతో సహా బండ్లు కట్టుకుని దిగుతారు. పొలాల పక్కన గుడిసెలు లేస్తాయి. ఫ్యాక్టరీ ముందు బండ్లు బారులు తీరుతాయి. వాళ్లందరి పొయ్యి మీదికి కావలసినవి చిన్న దుకాణాల నుంచి పోవాలి, ఆ దుకాణాలకు మా లారీ నుంచి. సీజన్‌లో ఒక్క వారం తప్పితే ఆ దుకాణాలు ఇంకో టోకు వ్యాపారి దగ్గరికి పోతాయి, మళ్లీ రావు.

నేను వారం వారం గోదాంకు వెళ్లి చూస్తూనే ఉన్నాను. ఏం చూశాను? బిళ్ళలు చూశాను. బిళ్ళ సంచికి ఉంటే నాకు నిశ్చింత. గోదామన్న కూడా అదే చూశాడు. బిళ్ళ ఉంది కాబట్టి వేళ కాలేదు. ఇద్దరం ఒకే బిళ్ళను చూస్తూ నిమ్మళంగా ఉన్నాం.

ఆ గురువారం పొద్దున లారీకి ఎక్కించడానికి ఉప్పు లేదని తెలిసింది. సేల్స్‌మన్ గోదాం నుంచి నేరుగా దుకాణానికి వచ్చి, తల మీది టోపీ తీసి మేజా మీద పెట్టాడు. మాటకారి, మామూలుగా నవ్వించే మనిషి.

"సేటూ, నేను ఇగ బోధన్ల మొహం సూపెట్ట. పోయినసారే సగం ఇచ్చిన, గురువారం తప్పకుండ తెస్తనని ఒట్టు పెట్టిన. ఆ మరాఠీ ఆడోళ్లు దుకాణం ముంగట గిన్నెలు పట్టుకొని నిలబడ్డరు. ఉప్పు లేకుండ సబ్బులేసుకొని వండుకోమని చెప్పాల్నా?"

సేటు మేకుల పలక వైపు చూశాడు. ఉప్పు మేకు ఖాళీగా ఉంది. లేచి చెప్పులు వేసుకున్నాడు. నేను, సేల్స్‌మన్ వెనకే వెళ్లాం.

గోదాంలో కాటా పక్కన నిలబడి అందరినీ పిలిపించాడు. గోదామన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఉప్పు బిళ్ళ ఏది?" అన్నాడు సేటు.

"సంచికే ఉంది సేటు."

"సంచికే ఉంటే ఉప్పెట్ల అయిపొయ్యింది?"

గోదామన్న ఉప్పు అర వైపు చూశాడు.

"నేను చెప్తా విను. ఈ బిళ్ళల పని నీకు మొదటికెల్లి నచ్చలే. నీ నోటికి సెలవన్నవు, యాదికుందా? ఇది ఫెయిలయితే మల్ల నీ పెత్తనమే నడుస్తదని బిళ్ళ తొక్కిపెట్టినవ్. కాదా?"

"సేటూ, నేను దేవుణ్ణి నమ్మినోణ్ణి."

"దేవుణ్ణి నమ్ముతవు, నన్ను ముంచుతవు. తాళాలు ఇటు పెట్టు. ఐతారం తర్వాత ఇల్లు ఖాళీ చెయ్యి."

గోదామన్న నడుముకు కట్టుకున్న తాళాల గుత్తి విప్పి కాటా పళ్లెం మీద పెట్టాడు. "బెల్లం నాడు కంటితోని సూసి చెప్పిన, తిట్లు తిన్న. ఇప్పుడు కండ్లు మూసుకొని బిళ్ళను నమ్మిన, మల్ల తిట్లే తింటున్న. ఏం జెయ్యాల్నో మీరే చెప్పుండ్రి సేటు."

ఆ మాట నాకూ తగిలింది. బిళ్ళను నమ్మమన్నది నేనే కదా. "ఒక్కసారి ఉప్పు అర చూద్దాం సేటూ," అన్నాను.

అందరం వెళ్లాం. అర ఖాళీగా ఉంది. గోడకు ఆనించి ఒకే ఒక సంచి నిలబడి ఉంది. దాని మెడకు నా ఎర్రదారం, దారానికి బిళ్ళ. సంచి మీద పసుపు, కుంకుమ, ఎండిపోయిన బంతిపువ్వు. దసరా బొట్టే కదా అని వారం వారం చూసీ నేను పట్టించుకోలేదు.

నేను మేస్త్రి వైపు తిరిగాను. పెద్దమనిషి, సేటు తండ్రి కాలం నుంచి అక్కడ మూటలు మోస్తున్నవాడు. "మేస్త్రీ, ఈ సంచిని ఎందుకు తియ్యలేదు?"

మేస్త్రి నన్ను వింతగా చూశాడు. "గదెట్ల తీస్తం సారూ? గది బర్కత్ సంచి గదా."

మీలో చాలామందికి ఈ మాట తెలియకపోవచ్చు. బర్కత్ అంటే సరుకు తరగకుండా ఉండే చలువ. ప్రతి అరలో ఒక సంచిని ముట్టకుండా ఉంచడం అక్కడి ఆచారం. అర ఎప్పుడూ బోసిగా ఉండకూడదు. దసరా నాడు సేటు తండ్రి ఒక్కో అరలో ఒక సంచిని ముట్టి పక్కన పెట్టించేవాడట. ఆయన పోయాక సేటు ఆ పని మేస్త్రికే వదిలేశాడు.

"ఈ ఏడు పండుగ పొద్దున వచ్చి సూస్తే ఒక్కో అరల ఒక్క సంచికి ఎర్రదారం కట్టి ఉంది," అన్నాడు మేస్త్రి. "బాపు లెక్కనే ఈ ఏడు సేటే దగ్గరుండి కట్టించిండు, ఎంత మంచిగయింది అనుకున్నం. బొట్టు పెట్టినం. ఇగ దాన్ని ముడుతమా? పైకెల్లి తీసుకుంటొస్తుంటే అది చేతికొచ్చినప్పుడల్లా పైలంగ పక్కన పెట్టి, కింది సంచులు తీసినం."

"మరి ఆ రేకు బిళ్ళ?" అన్నాను.

"సబ్బుల పెట్టెలకు మీరు మేకుతోని కొట్టిండ్రు. దీనికి దారం కట్టిండ్రు. ఇది దేవుని బిళ్ళ అనుకున్నం."

తర్వాత సేటు పక్క అరలోకి వెళ్లాడు. జొన్నలు సగానికి పైగా అయిపోయాయి. బిళ్ళ సంచి బొట్టు పెట్టుకుని ఒక మూల కూర్చుంది. శనగపప్పులోనూ అంతే. బెల్లంలోనూ అంతే. నా లెక్కలన్నీ పసుపు కుంకుమలతో సుఖంగా ఉన్నాయి.

సేల్స్‌మన్ ఆగలేకపోయాడు. "మన లక్ష్మమ్మ తల్లికైతే ఉప్పు కొదువ లేదు. బోధన్ల ఆడోళ్లను ఈడికే గిన్నెలు తీసుకొని రమ్మందామా?"

హమాలీల్లో ఒకడు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లాడు. సేటుకు కూడా నవ్వు వచ్చిందని ఆయన మీసం చెప్పింది. మరుక్షణమే ముడుచుకుపోయాడు. కాటా మీద తాళాలు అట్లాగే ఉన్నాయి. అందరి చూపూ అటే ఉంది.

ముందు పని మాట్లాడుకున్నాం. "సంచులను మీరే ఏలుకోండి మేస్త్రీ, నేను ముట్టను," అన్నాను. "బిళ్ళ గోడకు పెడతాను. సంచులు పేర్చితే వాటి వెనక దాక్కోవాలి, తగ్గితే కనబడాలి." గోదామన్న ఏమీ అడగకుండానే ముందుకొచ్చి, ఒక్కో అరలో గోడ మీద ఎంత ఎత్తులో మేకు కొట్టాలో సుద్దతో గీత గీశాడు. ఎత్తు విషయంలో నా లెక్కకూ ఆయన గీతకూ కొంచెం తేడా వచ్చింది. ఇద్దరం వాదులాడుకుని మధ్యలో కుదుర్చుకున్నాం. ఇల్లు ఖాళీ చేయమనిపించుకున్న మనిషి ఈ పని ఎందుకు చేస్తున్నాడని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మిగిలింది ఉప్పు సంచి. సేటు పక్క వ్యాపారుల దగ్గర చేబదులు అడిగి ఉప్పు తెప్పిస్తానన్నాడు. తెల్లారి లారీ పోతుంది. కానీ ఉన్న సంచిని వదిలేసి పక్కవాళ్లను అడగటం సేటుకు నామోషీగా ఉంది. దాన్ని తీయాలంటే భయంగానూ ఉంది.

"కొత్త లోడ్ రాకముందే తీస్తే అర బోసిపోతది గదా మేస్త్రీ?" అన్నాడు మెల్లగా.

మేస్త్రి తల గోక్కున్నాడు. "మా ఇంట్ల ఇత్తనాల గుమ్మి ఖాళీ అయితే మా అవ్వ ఒక పిడికెడు బట్టల కట్టి అండ్లనే పెడుతది. కొత్త గింజలొచ్చినంక అండ్ల కలుపుతది. గంతకు మించి పట్టింపు లేదు. గుమ్మిని ఎన్నడు బోసి ఉంచలే, మేమెన్నడు పస్తులుండలే."

సేటు ఆలోచిస్తానన్నట్టు తల ఊపి వెళ్లిపోయాడు. తాళాల గురించి మాట లేదు.

సాయంత్రం గోదాం మూసే వేళయింది. గోదామన్న కాటా మీది తాళాలకు దూరంగా నిలబడ్డాడు. "నేను తియ్య సారూ. పెట్టుమన్నోళ్లే ఇయ్యాలె," అన్నాడు. నేనే తాళం వేసి గుత్తిని దుకాణానికి తీసుకెళ్లాను. సేటు దాన్ని చేతిలోకి తీసుకుని, బరువు చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పాడు.

"సేటూ, ఆయన తప్పేమీ లేదు," అన్నాను. నౌకరీలో చేరి ఏడాది కూడా కాలేదు. అంతకంటే ఎక్కువ అనే ధైర్యం నాకు లేదు.

"నాకెర్కలేదా?" అన్నాడు. "తప్పు లేదని ఎర్కయ్యింది గనకనే నోరొస్తలేదు."

మర్నాడు పొద్దున్నే గోదాంకు వెళ్లాను. చేబదులు ఉప్పు బండ్ల మీద వచ్చి గేటు ముందు ఆగి ఉంది. లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు. తాళం తీసేవాళ్లు లేరు. సేటు అప్పటికే వచ్చి ఉన్నాడు, కానీ గేటు దగ్గర లేడు. ఆవరణ వెనక గోదామన్న ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ అరుగు మీద ఆయన కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ఎన్నడూ ముట్టని మనిషి.

గోదామన్న భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది. ఏం చేయాలో తెలియక కొంగు సర్దుకుంటోంది.

"చాయ్ ఉన్నదా చెల్లె?" అన్నాడు సేటు.

"మా ఇంట్ల తాగుతరా సేటు?"

"పోస్తే తాగుత."

ఆమె లోపలికి వెళ్లింది. గోదామన్న తల్లి లోపలి నుంచి ఏదో అంది, ఆమె ఏదో జవాబిచ్చింది, గిన్నెల చప్పుడైంది. చాయ్ ఇత్తడి గ్లాసులో వచ్చింది. సేటు కాలుతుండగానే తాగాడు. సేల్స్‌మన్ నా పక్కన చేరి చెవిలో, "నాలిక కాలింది, గిప్పుడు మాట మంచిగొస్తది సూడు," అన్నాడు.

గోదామన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. సేటు లేచి తాళాల గుత్తి ఆయన చేతికి ఇచ్చాడు. "నిన్న అన్నది మనసుల పెట్టుకోకు. లారీకి ఆలస్యమైతుంది, తాళం తియ్యి," అన్నాడు. గోదామన్న ఒక్క క్షణం గుత్తి వైపు చూశాడు. నడుముకు కట్టుకున్నాడు. "గిట్ల రాండ్రి," అని హమాలీలను పిలిచాడు.

బండ్ల మీది ఉప్పు లారీలోకి ఎక్కింది. చివరికి అందరం ఉప్పు అర ముందు ఆగాం. మేస్త్రి సంచి ముందు నిలబడి సేటు వైపు చూశాడు, పిడికెడు మీరు తీయండన్నట్టు. సేటు గోదామన్నను చూపించాడు.

"నేను తీస్తే నడుస్తదా?" అన్నాడు గోదామన్న.

"ఇన్నేండ్ల సంది పొద్దుగాల్నే తాళం తీస్తున్న చెయ్యి ఎవలదే?" అన్నాడు మేస్త్రి. "నీ చెయ్యి నడవకపోతే మేమంత ఇన్నొద్దులు ఏం తిన్నం?"

గోదామన్న బిళ్ళ విప్పి నాకు ఇచ్చాడు. సంచి మూతి తెరిచి పిడికెడు ఉప్పు తీశాడు. మేస్త్రి పంచె కొంగు చింపి ఇస్తే అందులో మూట కట్టి గోడ వారగా పెట్టాడు. సంచి హమాలీ వీపు మీదికి ఎక్కింది, లారీలోకి వెళ్లింది. సేల్స్‌మన్ దాని పక్కనే కూర్చుని, "తల్లీ, బోధన్ సూద్దువు రా," అన్నాడు.

లారీ కదిలాక మేం అర దగ్గరికే తిరిగి వచ్చాం. ఒక్క సంచీ లేకుండా అక్కడి నేలను అంతకు ముందు చూసినవాళ్లు మాలో ఎవరూ లేరు. ఉప్పుకు ఊరి, నలుపెక్కి, అక్కడక్కడా పెచ్చులు లేచి ఉంది. ఒక మూల ఎలుక బొక్క. సేటు వంగి దాని వైపు చూశాడు. గోదామన్న చీపురు తెమ్మని కేకేశాడు. "బొక్కల సిమెంటు పెట్టుండ్రి, నేల సాఫ్ చెయ్యుండ్రి," అన్నాడు. "కొత్త లోడ్ దిగేటాలకు ఆరాలె."